కొరియన్ ముందా, కెమెరా ముందా?

సినిమా చదువు, కొరియన్ భాష కలిపి విశాఖపట్నం, చుట్టుపక్కల ఊళ్ల పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒకటిగా కలిపాం.

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం హెచ్‌ఈసీ చదువుతున్నాను. కొరియన్, సినిమా రెండూ డిగ్రీలోనే చదవాలని కోరిక. రెండూ కలిసిన కోర్సు దొరక్కపోతే ఏది ముందు తీసుకోవాలి?
– విద్యార్థిని, గాజువాక

జవాబు: రెండూ సమపాళ్లలో ఉన్న డిగ్రీ కోసం వెతుకుతూ ఏడాది పోగొట్టుకోకండి. విడివిడిగా తెచ్చుకుని మీరే కలుపుకోవచ్చు. మా సలహా సూటిగా చెబుతాం. డిగ్రీ కొరియన్‌లో చెయ్యండి, సినిమా సాధన పక్కన సాగనివ్వండి, సినిమాలో పీజీ తర్వాత చెయ్యండి.

ఇలా చెప్పడానికి కారణముంది. పుణెలోని ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్)లో గానీ కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్ వంటి మూడేళ్ల పీజీ కోర్సులకు ఏ డిగ్రీ ఉన్నా ప్రవేశ పరీక్ష రాయవచ్చు. కొరియన్‌లో బీఏ చేసినవాళ్లకు ఆ తలుపు తెరిచే ఉంటుంది. సినిమాలో డిగ్రీ చేసి, కొరియన్ అక్షరం ముక్క రాకుండా కొరియన్ ఎంఏకి వెళ్తామంటే మాత్రం కుదరదు. పైగా భాష అనేది చిన్న మోతాదుల్లో, ఏళ్ల తరబడి, రోజూ పడాలి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు కొరియన్‌లో ఉద్యోగానికి పనికొచ్చే స్థాయికి చేరడానికి అమెరికా విదేశాంగ శాఖ వేసిన అంచనా 2200 తరగతి గంటలు. రోజుకు గంటన్నర చొప్పున చదివితే ఏడాదికి దాదాపు 550 గంటలవుతాయి, అంటే నాలుగేళ్ల పని. తెలుగువాళ్లకు వాక్య నిర్మాణం దగ్గరి చుట్టం కాబట్టి వ్యాకరణం దగ్గర కొంత కలిసొస్తుంది, పదజాలం దగ్గర ఏమీ కలిసిరాదు.

ఇక ఎక్కడ చదవాలంటే, ఢిల్లీ జేఎన్‌యూలో బీఏ ఆనర్స్ కొరియన్ ఉంది. ప్రవేశం సీయూఈటీ ద్వారా, అంటే కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష. ముందుగా కొరియన్ వచ్చి ఉండాల్సిన పని లేదు, అక్షరాల నుంచీ నేర్పుతారు. రాంచీ దగ్గరి సెంట్రల్ యూనివర్సిటీ ఆఫ్ జార్ఖండ్‌లోనూ కొరియన్ విభాగం ఉంది. హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో కొరియన్ బోధిస్తారు. అక్కడ ఏ స్థాయి కోర్సుకు ప్రవేశాలున్నాయో ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి.

ఇల్లు వదిలి వెళ్లలేని పరిస్థితి ఉంటే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో నాటక కళల విభాగం, జర్నలిజం విభాగం ఉన్నాయి. వాటికి ఆన్‌లైన్‌లో కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ (కొరియా ప్రభుత్వ భాషా బోధన సంస్థ) తరగతులు జోడించుకోవచ్చు. చెన్నైలో ‘ఇన్‌కో సెంటర్’ (InKo Centre) అనే ఇండో-కొరియన్ సాంస్కృతిక కేంద్రం కూడా కొరియన్ నేర్పుతుంది. తరగతుల వేళలు ఢీకొనకుండా ఉంటే ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి యూజీసీ 2022లో అనుమతి ఇచ్చింది, దాన్ని వాడుకోండి. బ్రిటన్ ఖర్చు భరించగలిగితే లండన్ సోయాస్, షెఫీల్డ్ విశ్వవిద్యాలయాల్లో కొరియన్ డిగ్రీలో భాగంగా కొంతకాలం కొరియాలోనే చదివిస్తారు.

నేరుగా కొరియాలోనే సినిమా చదవాలనుకుంటే సియోల్‌లో కొరియా నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ ఆర్ట్స్, చుంగాంగ్, తోంగుక్ విశ్వవిద్యాలయాలు పేరున్నవి. బుసాన్‌లోని తోంగ్సో విశ్వవిద్యాలయంలో దర్శకుడు ఇమ్ క్వాన్ తేక్ పేరిట సినిమా కళాశాలే ఉంది. సముద్రం ఒడ్డున పెరిగిన పిల్లలకు బుసాన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది. అదీ మనలాగే ఓడరేవు నగరం. 1996లో అక్కడ అంతర్జాతీయ చిత్రోత్సవం మొదలైంది. 2013లో కొరియా ఫిల్మ్ కౌన్సిల్ సియోల్ నుంచి అక్కడికి మారింది, తర్వాత కొరియన్ అకాడమీ ఆఫ్ ఫిల్మ్ ఆర్ట్స్ కూడా వెళ్లింది. రాజధాని కాని ఊరు సినిమాకి కేంద్రం కావడం ఎలాగో చూడాలంటే అది మంచి చోటు.

ఒక్కటి మరవద్దు. అక్కడి సినిమా విభాగాల్లో పాఠం, స్క్రిప్టు చర్చ, సెట్‌లో అరుపులు, అన్నీ ఎక్కువగా కొరియన్‌లోనే. భాష లేకుండా వెళ్తే షూటింగ్‌లో లైట్లు మోసే పని దగ్గరే ఆగిపోతారు.

ప్రశ్న: కొరియన్ సీరియళ్లు చూసి సొంతంగా నేర్చుకున్నాను. మాటలు బాగానే అర్థమవుతాయి. టోపిక్ (కొరియన్ భాషా సామర్థ్య పరీక్ష)లో రెండో స్థాయి వచ్చింది, మూడో స్థాయి రావడం లేదు. పైగా నా ఉచ్చారణ కొరియావాళ్లకు అర్థం కావడం లేదు. లోపం ఎక్కడ?
– డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: ముందు పరీక్ష సంగతి. టోపిక్‌లో రెండు పరీక్షలుంటాయి. టోపిక్ ఒకటిలో వినడం, చదవడం మాత్రమే ఉంటాయి. 200 మార్కులకు 80 వస్తే ఒకటో స్థాయి, 140 వస్తే రెండోది. టోపిక్ రెండులో రాయడం వచ్చి చేరుతుంది. 300కి 120 వస్తే మూడో స్థాయి, 150కి నాలుగు, 190కి అయిదు, 230కి ఆరు. చూసి నేర్చుకున్నవాళ్లు ఈ రాత దగ్గరే పడిపోతారు. 50 నిమిషాల్లో నాలుగు ప్రశ్నలు. 51, 52 ఖాళీలు పూరించేవి, చెరి పది మార్కులు. 53లో ఇచ్చిన పట్టికనో గణాంకాలనో 200 నుంచి 300 అక్షరాల్లో వివరించాలి, 30 మార్కులు. 54లో 600 నుంచి 700 అక్షరాల వ్యాసం, 50 మార్కులు.

సీరియల్ నుంచి నేర్చుకున్నవాళ్లు 53, 54లలో వాక్యాన్ని ‘యో’తో ముగిస్తారు. అది ఎదుటి మనిషితో మర్యాదగా మాట్లాడే తీరు. వ్యాసంలో క్రియ ‘దా’తో ముగిసే రాత శైలిలో ఉండాలి. లేకపోతే విషయం ఎంత బాగున్నా మార్కులు పోతాయి. 51, 52లలో మాత్రం ఇచ్చిన పాఠం ఏ శైలిలో ఉందో అదే శైలి పట్టుకోవాలి. మూడో స్థాయి లక్ష్యమైతే 54ను మొత్తం పూర్తి చెయ్యాలన్న పంతం వద్దు. 51, 52, 53లను గట్టిగా రాసి, 54లో ఒక పేరా తప్పుల్లేకుండా రాయండి. వారానికి రెండు పట్టికలు తీసుకుని గడియారం పెట్టుకుని పన్నెండు నిమిషాల్లో ఒక్కోటి రాసే సాధన చెయ్యండి. గళ్ల కాగితం మీదే రాయాలి, ఖాళీలూ విరామ చిహ్నాలూ గళ్లు తింటాయి.

ఇక ఉచ్చారణ. మనకు క, గ వేర్వేరు అక్షరాలు. కొరియన్‌లో ఒకే అక్షరం మాట మొదట్లో ‘క’లా, అచ్చుల మధ్య ‘గ’లా పలుకుతుంది. మాంసాన్ని ‘కోగి’ అంటారు, రెండు చోట్లా రాసేది ఒకే హల్లు. అసలు చిక్కు వేరే చోట ఉంది. మాట మొదట్లో ఆ హల్లుకు కొంచెం గాలి తోడవుతుంది. మనం గాలి లేకుండా బిగువుగా ‘త’ అంటే వాళ్ల చెవికి అది ఒత్తి పలికే మరో రకం హల్లులా వినిపిస్తుంది. అందుకే మీరు చంద్రుడు అనబోతే వాళ్లకు కూతురు అని వినిపిస్తుంది, ‘తాల్’కీ ‘త్తాల్’కీ తేడా అంతే. మహాప్రాణం పెట్టి ‘థాల్’ అంటే మళ్లీ వేరు, అది ముఖానికి పెట్టుకునే మాస్కు. సియోల్ యాసలో మామూలు హల్లుతో మొదలయ్యే మాట తక్కువ శ్రుతిలోనూ మహాప్రాణంతో మొదలయ్యేది ఎత్తైన శ్రుతిలోనూ వస్తాయి. గాలి కొలవలేకపోతే శ్రుతిని పట్టుకోండి.

రెండో లోపం మాట చివర. బస్, రోడ్ అన్నవాటిని బస్సు, రోడ్డు చేసుకున్నది మన నాలుక. అన్నం అని చెప్పడానికి ‘పాప్’ అనాల్సిన చోట ‘పాపు’ అంటాం. పెదాలు మూసి అక్కడే ఆపెయ్యాలి, గాలి బయటికి వదలకూడదు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే చివరి ‘ఉ’ స్పష్టంగా దొరికిపోతుంది.

మనకు తేలికయ్యే చోటు కూడా ఉంది. వాక్ పక్కన మయం చేరితే వాఙ్మయం అవుతుందని బడిలో చదివారు కదా, అనునాసిక సంధి. కొరియన్‌లో అదే సూత్రం నడుస్తుంది. ‘కుక్’ పక్కన ‘ముల్’ చేరితే ‘కుంగ్ముల్’, అంటే పులుసు. రాసింది ఒకటి, వినిపించేది ఒకటి అని తికమకపడే చోట్లు చాలావరకు ఈ ఒక్క సూత్రంతో విడిపోతాయి.

ప్రశ్న: సినిమాను చదవడం అంటే ఏమిటి? కొరియన్ సినిమాలు చాలా చూశాను. కథ చెప్పగలను, ఇంకేమీ రాయలేకపోతున్నాను. కెమెరా పరికరాలు కూడా ఏమీ లేవు.
– భీమిలి పాఠకుడు

జవాబు: సినిమా మొత్తం వదిలెయ్యండి. అయిదు నిమిషాల దృశ్యం ఒకటి తీసుకోండి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే చాలు. దాన్లో ‘ఈ’ మీట నొక్కినప్పుడల్లా ఒక్కో ఫ్రేము ముందుకు కదులుతుంది, కట్ (ఒక షాట్ ఆగి ఇంకోటి మొదలయ్యే చోటు) ఎక్కడ పడిందో కచ్చితంగా దొరుకుతుంది.

మొదటిసారి శబ్దం ఆపి, సబ్‌టైటిల్స్ తీసేసి చూడండి. ఎవరు ఎవరికి ఎదురుగా ఉన్నారు, ఎవరు ఎత్తులో కూర్చున్నారు, కెమెరా ఎవరి వైపు నిలబడింది అన్నవి ముందు కనిపించాలి. రెండోసారి తెర ఆపి శబ్దం మాత్రం వినండి. మూడోసారి పట్టిక రాయండి. షాట్ నంబరు, మొదలైన సమయం, ఎన్ని సెకన్లు, క్లోజా మిడ్డా లాంగా (దగ్గరిదా, మధ్య దూరమా, దూరమా), కెమెరా కదిలిందా, ఏ శబ్దం వచ్చింది, మాట ఏమిటి. అయిదు నిమిషాలంటే 300 సెకన్లు. అందులో 60 షాట్లుంటే సగటున షాట్‌కు అయిదు సెకన్లు, 12 ఉంటే 25 సెకన్లు. ఈ ఒక్క సంఖ్యే రాయడానికి మొదటి వాక్యం ఇస్తుంది. దర్శకుడు ఇక్కడ ఎందుకు కొయ్యకుండా ఆగాడు?

కొరియన్ చదివేవాళ్లు పట్టికలో ఇంకో గడి పెట్టుకోవాలి. అది వాక్యం ఏ మర్యాద స్థాయిలో ముగిసిందో రాసే గడి. మన దగ్గర ‘మీరు’ నుంచి ‘నువ్వు’కి దిగినప్పుడు సంబంధం మారిపోయినట్టే అక్కడ ‘యో’ పోయి పన్మల్ (మర్యాద పక్కన పెట్టి చనువుగా మాట్లాడే తీరు) వచ్చిన చోట దృశ్యం మలుపు తిరుగుతుంది. మంచి దర్శకులు అక్కడే కెమెరా స్థానమూ మారుస్తుంటారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో ఈ మలుపు దాదాపు కనిపించదు. సినిమానూ భాషనూ కలిపి చదవడం వల్ల నిజంగా కలిగే లాభం ఇదే అని మేం గట్టిగా నమ్ముతాం. అలాగే చేతులు చూడండి. పెద్దవాళ్లకు పానీయం పోసేటప్పుడు రెండు చేతులూ వాడతారు, వాళ్ల ఎదుట తాగేటప్పుడు తల పక్కకు తిప్పుతారు. ఒక పాత్ర అలా తిప్పకపోతే అది తిరుగుబాటే.

ఏం చూడాలన్నదానికి, కొరియన్ ఫిల్మ్ ఆర్కైవ్ యూట్యూబ్‌లో నడిపే పాత సినిమాల ఛానెల్ ఉచితం, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి. కిమ్ కీ యంగ్ తీసిన ‘హన్యో’ (1960)లో మెట్లు, గదుల తలుపుల మీద పట్టిక వేయండి. యూ హ్యాన్ మోక్ తీసిన ‘ఒబల్తాన్’ (1961) చూసేటప్పుడు చరిత్ర పక్కన పెట్టుకోవాలి. 1960 ఏప్రిల్ విద్యార్థి ఉద్యమం తర్వాత కొన్నాళ్లు సెన్సారు సడలింది, ఆ వ్యవధిలో వచ్చిన సినిమా ఇది. 1961 మేలో సైన్యం అధికారం పట్టాక దీన్ని నిషేధించారు. ఉత్తరం నుంచి వచ్చి సియోల్ కొండవాడలో తలదాచుకున్న కుటుంబం కథ. మతి తప్పిన తల్లి పడక మీంచి ‘కాజా’ అని అరుస్తూ ఉంటుంది, వెళ్దాం పదండి అని. మొదటి నెల కొరియన్ విద్యార్థికి కూడా ఆ మాట అర్థమవుతుంది. ఎక్కడికి వెళ్దామంటోందో అర్థం కావాలంటే మాత్రం దేశం రెండు ముక్కలైన సంగతి తెలియాలి.

ఆ తర్వాతి కాలానికి రెండు తేదీలు గుర్తుంటే చాలు. 1996లో సినిమాల ముందస్తు సెన్సారు రాజ్యాంగ విరుద్ధమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. 2006లో థియేటర్లు ఏడాదికి తప్పనిసరిగా స్వదేశీ సినిమా ఆడించాల్సిన రోజులను 146 నుంచి 73కి తగ్గించారు, దాని మీద సినిమావాళ్లు వీధుల్లోకి వచ్చారు.

పరికరాల గురించి బెంగ వద్దు, ఫోన్ చాలు. మన తీరం తూర్పు ముఖం. ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు సముద్రం వైపు తిరిగిన మొహానికి మెత్తటి వెలుతురు వస్తుంది. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక దిగిపోతాడు కాబట్టి సముద్రంలో సూర్యాస్తమయం రాసుకున్న స్క్రిప్టు ఇక్కడ తీయలేరు. ఆర్కే బీచ్‌లో గాలి హోరు మాటలను మింగేస్తుంది, మైకుకు బొచ్చు తొడుగు వెయ్యండి, లేదా మాటలు తర్వాత గదిలో రికార్డు చేసి కలపండి. ఉప్పు గాలికి లెన్సు మీద పొర కడుతుంది, అరగంటకోసారి మెత్తటి గుడ్డతో తుడవాలి. వెలుతురు దానంతటదే మారకుండా ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యండి. ట్యూబులైటు కింద షట్టర్ వేగం 1/50 సెకను పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్. కొరియాలో 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ 1/60 పెట్టకపోతే చారలు పాకుతాయి. నౌకాదళ స్థావరాల దగ్గర డ్రోన్ గానీ కెమెరా గానీ బయటికి తీయవద్దు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ వద్దని కొరియన్ చదువుతానంటోంది. చివరికి ఉద్యోగం ఏమిటి?
– ఒక తండ్రి, ఉక్కునగరం

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగారండీ. జీతం ముందు భాష నుంచి వస్తుంది, సినిమా నుంచి ఆలస్యంగా వస్తుంది. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది, విడిభాగాల కొరియా కంపెనీలు చుట్టూ వచ్చాయి. తమిళనాడులో శ్రీపెరుంబుదూరు హ్యుందాయ్ చుట్టూ అంతకు ముందు నుంచే ఉన్నాయి. అక్కడ దుబాసీలు, అనువాదకులు కావాలి. దానికి టోపిక్ నాలుగో స్థాయి కనీసమనుకోండి. అయితే సీరియల్ భాష అక్కడ పనికిరాదు. డ్రాయింగు, కొలతలు, లోపాలు, గడువులు, ఈ మాటలు రావాలి. ఇంట్లో ఉక్కు కర్మాగారం గురించి విని పెరిగిన పిల్లకు ఆ మాటల వెనక ఉన్న వస్తువులు ముందే తెలిసి ఉంటాయి, అది చిన్న లాభం కాదు.

సినిమా వైపు మొదట దొరికేది సబ్‌టైటిల్స్, డబ్బింగ్ రాత. మామూలుగా నిమిషాల లెక్కన చెల్లిస్తారు, నెలనెలా స్థిరంగా రాదు. మొదటి రెండు మూడేళ్లు దాని మీదే ఇల్లు గడుస్తుందని లెక్క వేసుకోకండి.

ప్రశ్న: కొరియన్ నుంచి తెలుగులోకి సబ్‌టైటిల్స్ చేసి నమూనాగా చూపించాలనుకుంటున్నాను. ఏ నియమాలు పాటించాలి?
– మధురవాడ

జవాబు: ఉచితంగా దొరికే సబ్‌టైటిల్ ఎడిట్ లేదా ఏజీసబ్ తీసుకోండి. ఒక సబ్‌టైటిల్ రెండు వరుసలు దాటకూడదు, ఏడు సెకన్లకు మించి తెర మీద నిలవకూడదు. షాట్ మారాక పాత అక్షరాలు వేలాడుతూ ఉండకూడదు. ఫైలును యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లోనే భద్రపరచండి, లేకపోతే తెలుగు అక్షరాల చోట ప్రశ్న గుర్తులు వస్తాయి. ఒత్తులు విడిపోయి కనిపిస్తే అది ఫైలు తప్పు కాదు, ఆ ప్లేయర్‌లో ఫాంటు మార్చాలి.

ఇంగ్లీషు సబ్‌టైటిల్ మీంచి తెలుగు చెయ్యకండి. ‘నిన్న చూసిన సినిమా’ అన్నది కొరియన్‌లో ‘ఒజె బొన్ యంగ్‌హ్వా’, మాట పక్కన మాట అదే వరసలో కూర్చుంటుంది. ఇంగ్లీషు దీన్ని తిరగేస్తుంది, మీరు మళ్లీ తిరగెయ్యాలి. జాగ్రత్త పడాల్సింది క్రియ దగ్గర. కొరియన్ క్రియలో వచ్చాడు, వచ్చింది అన్న తేడా ఉండదు, కర్తను తరచు వదిలేస్తారు కూడా. తెలుగులో లింగం చెప్పక తప్పదు. హంతకుడు ఎవరో దాచిపెట్టిన కథలో ‘వచ్చాడు’ అని రాస్తే గుట్టు రట్టయిపోతుంది. అలాంటి చోట ‘ఎవరో వచ్చారు’ అని దాటాలి. నమూనాకు అనుమతి ఉన్న వీడియో తీసుకోండి, లేదా మిత్రుల షార్ట్ ఫిల్మ్ చెయ్యండి.

ప్రశ్న: కొరియా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చెయ్యాలి. పత్రాల్లో నా పేరు రకరకాలుగా ఉంది. నాకిప్పుడు 26 ఏళ్లు, ఇంకా అవకాశం ఉందా?
– అనకాపల్లి

జవాబు: గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్‌లో డిగ్రీకి 25 ఏళ్ల లోపు ఉండాలి, అది మీకు దాటింది. పీజీకి 40 లోపు అయితే చాలు, డిగ్రీ మార్కులు 80 శాతం ఉండాలి. డిగ్రీ ప్రకటన సాధారణంగా సెప్టెంబరులో, పీజీ ప్రకటన ఫిబ్రవరిలో వస్తుంది. రాయబార కార్యాలయం ద్వారా గానీ విశ్వవిద్యాలయం ద్వారా గానీ ఒక్క దారిలోనే వెళ్లాలి, రెండింటిలోనూ వేస్తే అనర్హులవుతారు. ఎంపికయ్యాక ఏడాది భాషా శిక్షణ ఇస్తారు. అది ముగిసేలోపు టోపిక్ మూడో స్థాయి రాకపోతే కోర్సులోకి పోనివ్వరు. సినిమా విభాగాలు తీసిన షార్ట్ ఫిల్మ్‌లు, రాసిన స్క్రిప్టుల పోర్ట్‌ఫోలియో కూడా అడుగుతాయి.

పేరు సంగతి ఇవాళే మొదలుపెట్టండి. పది మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, జనన ధ్రువపత్రంలో ఇంకోలా ఉండటం మన దగ్గర చాలా మామూలు. పది మెమోను ఆధారంగా పెట్టుకుని మర్రిపాలెం పాస్‌పోర్టు కార్యాలయంలో పాస్‌పోర్టును దానికి సరిపెట్టించండి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచవద్దు. తర్వాత టోపిక్ నమోదు, వీసా, కొరియా గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా అన్నీ పాస్‌పోర్టులోని అక్షరాలతోనే నడుస్తాయి.

మార్కుల పత్రాలకు ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర). తెలుగులో ఉన్న జనన ధ్రువపత్రానికి నోటరీ చేసిన ఇంగ్లీషు అనువాదం జతచెయ్యాలి. సమర్పించిన పత్రాలు తిరిగి ఇవ్వరు, కాబట్టి ఉన్న ఒక్క ఒరిజినల్‌నే పెట్టెయ్యకండి, రెండో ప్రతి ముందే తీసుకోండి. వీసా దశలో క్షయ పరీక్ష నివేదిక అడుగుతారు. కొరియాలో దిగాక 90 రోజుల్లోపు విదేశీయుల నమోదు చేయించుకోవాలి. టోపిక్ ఫలితం రెండేళ్లే చెల్లుతుంది, ప్రకటన నెల చూసుకుని పరీక్ష తేదీ ఎంచుకోండి.